నీళ్లు మనకు, బురద ఎవరికి?

సంతోష్‌నగర్‌లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వస్తాయి. హైదరాబాదుకు ఈ నీళ్లు 2004 నుంచి వస్తున్నాయి. నాగార్జునసాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తారు. అవి అక్కంపల్లి జలాశయం చేరతాయి. అక్కడి నుంచి నల్గొండ జిల్లా కోదండాపురం వస్తాయి. అక్కడ వాటిని శుద్ధి చేసి, పెద్ద పైపుల్లో నగరానికి పంపుతారు.

శుద్ధి ఎలా చేస్తారు? మన అమ్మమ్మలకు ఇది తెలిసిన పనే. వానాకాలంలో బిందెలో నీళ్లు ఎర్రగా ఉంటే పటిక ముక్క తిప్పేవాళ్లు. కొన్ని ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు. కాసేపటికి మట్టి అడుక్కి దిగేది. శుద్ధి కేంద్రంలోనూ అంతే. పటిక గాని, అలాంటి అల్యూమినియం మందు గాని కలుపుతారు. కంటికి కనిపించని మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. దూదిపింజల్లా అయి కిందికి దిగుతాయి. పైన తేరుకున్న నీటిని ఇసుక గుండా వడకడతారు. చివర క్లోరిన్ కలుపుతారు. క్రిములను చంపేది క్లోరిన్, పటిక కాదు. అందుకే ఇంట్లో పటిక వేసుకున్నా, నీళ్లు కాచే తాగాలి.

మరి అడుక్కి దిగిన బురద సంగతేమిటి?

ఒక లెక్క వేద్దాం. కోదండాపురంలో మూడు దశలు కలిపి రోజుకు సుమారు 120 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలరు. లీటరు నీటికి 30 మిల్లీగ్రాముల మట్టి దిగిందనుకోండి. చిటికెడు కూడా కాదు. కాని మొత్తం ఎంతవుతుంది? రోజుకు 36,000 కిలోలు. అంటే 36 టన్నులు! ఇది ఎండు మట్టి లెక్క. అడుగున ఉన్నప్పుడు నూరు కిలోల బురదలో 95 కిలోలకు పైగా నీళ్లే ఉంటాయి.

ఇది మురికికాలువ బురద లాంటిది కాదు. ఇందులో ఉండేది ఎక్కువగా సన్నని మట్టి, కొంచెం నాచు, పటిక నుంచి వచ్చిన జిగురు పదార్థం. అలాగని వాగులోకో చెరువులోకో వదిలేస్తే నష్టమే. అడుగున పొరలా పరుచుకుంటుంది. అక్కడ బతికే చిన్న జీవులకు ఊపిరాడదు. వాటిని తిని బతికే చేపలకు మేత పోతుంది.

"చెరువు పూడిక మట్టి పొలానికి బలం కదా, ఇదీ చల్లుకుంటే పోలా?" అని రైతులు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఈ రెండూ ఒకటి కావు. పటిక బురద భాస్వరాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రైతు డబ్బు పోసి కొన్న డి.ఎ.పి.లో ఉండేదీ భాస్వరమే. బురద ఎక్కువైతే అది పైరుకు అందదు. పైరు గిడసబారుతుంది. కుండీలోని తులసి మొక్కకైనా అంతే. బిందె అడుగు బురద ఒకసారి పోస్తే ఏమీ కాదు గాని, రోజూ పోయవద్దు.

చిత్రం ఏమిటంటే, ఆ చెడ్డ గుణమే ఇంకోచోట మంచి గుణం. మీరాలం చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చింది. తర్వాత అందులో మురుగు చేరింది. గుర్రపు డెక్క అల్లుకుంది. ఆ డెక్కకు మేత మురుగులోని నత్రజని, భాస్వరం. మురుగు చెరువులో కలవకముందే ఎండిన పటిక బురద గుండా పారిస్తే? భాస్వరంలో చాలా భాగం బురదకే అంటుకుంటుంది. ఐర్లండులో శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని పరీక్షించి చూశారు. మన చెరువుల దగ్గరా చేసి చూడదగిన పని ఇది.

ఇటుకల్లోనూ వాడవచ్చు. మట్టిలో తక్కువ పాళ్లలో కలపాలి. ఎక్కువైతే ఇటుక ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, నీళ్లు పీలుస్తుంది. నెదర్లాండ్స్‌లో అయితే నీటి సంస్థలన్నీ కలిసి ఇలాంటి మిగులు పదార్థాలను అమ్మడానికి ఒక సంస్థనే పెట్టుకున్నాయి. ఏ పనికి వాడినా ముందు పరీక్ష చేయించాలి. నీళ్లు వచ్చిన చోటును బట్టి బురదలో సీసం, ఆర్సెనిక్ వంటి విషాలు ఉండవచ్చు.

ఇక అసలు చిక్కు బరువు. తడి బురదను లారీకెత్తితే మనం మోయించేది నీళ్లనే. కిరాయి దండుగ. అందుకని ముందు ఇసుక మడుల్లో ఆరబెట్టాలి. బాగా ఎండితే ఈ బురద గట్టి గడ్డలవుతుంది. మళ్లీ నీళ్లు పోసినా మునుపటి జిగురు బురదగా మారదు. నల్గొండ ఎండలకు కరెంటు ఖర్చు లేదు. కావలసింది మడులకు చోటు, వానాకాలంలో పైన కప్పు.