కల్లా? కళ్ళా? కండ్లా?

అక్షరం చిన్నదే గాని అది చేసే అల్లరి చిన్నది కాదు. ఒక దీర్ఘమో, ఒక ఒత్తో, ఒక చుక్కో తప్పిందంటే మంచి మాట కాస్తా నవ్వులపాలవుతుంది.

ఈ అల్లరి చూడడానికి కొడంగల్ ప్రాంతం తగిన చోటు. 1956 వరకు కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం నవంబరు 1న గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి వెళ్ళగా, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2016 నుండి కొడంగల్, తాండూరు పట్టణాలు వికారాబాదు జిల్లాలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, పొలిమేర దాటితే కన్నడం, నిజాంనాటి కచేరీ కాగితాల్లో ఉర్దూ. తెలుగు, కన్నడం ఎడమనుండి కుడికి నడిస్తే, ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది.

తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళు. తెలుగు మాత్రమే వచ్చినవాడు కన్నడ బస్సు బోర్డును సగం చదివి, తక్కిన సగం ఊహించి, ధైర్యంగా ఎక్కి కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్టు కొట్టేటప్పుడు గాని ఆ ఊహ సంగతి తేలదు!

ఉర్దూలో "దుఆ" అంటే ప్రార్థన. అందులోని "ఐన్" అనే అక్షరం మీద ఒక్క చుక్క పడితే అది "దగా" అవుతుంది. కలం ఒక్క బొట్టు జారిస్తే ప్రార్థన మోసమైపోతుందన్నమాట.

మన తెలుగేమీ తక్కువ తినలేదు. "డాక్టరుగారు కళ్ళు పరీక్షించారు" అనే మాటలో "ళ"కు బదులు "ల" పడితే, పాపం, డాక్టరుగారు ఆబ్కారీ అధికారి అయిపోతారు. కొడంగల్ వైపు మనిషికి ఈ చిక్కే లేదు. ఆయన చక్కగా "కండ్లు" అంటాడు. అయినా బడిలో పిల్లవాడు "కండ్లు" అని రాస్తే కొన్నిచోట్ల ఎర్రసిరా గీత పడుతుంది. "కన్ను"కు "కండ్లు" అనే బహువచనాన్ని మన వ్యాకరణం ఎప్పుడో ఒప్పుకున్నది. అక్కడ తప్పు పిల్లవానిది కాదు.

పెద్ద పెద్ద అచ్చుకూటాలే తప్పాయి. 1631లో లండనులో రాజుగారి ముద్రాపకులు వేసిన బైబిలులో, వ్యభిచారాన్ని నిషేధించే ఆజ్ఞలో "కూడదు" అనే అర్థమిచ్చే చిన్న మాట ఎగిరిపోయింది. పాపాన్ని చేయమన్నట్టయింది! వారికి 300 పౌన్ల జుల్మానా పడింది.

అయితే నవ్వు ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో యొర్దాను రేవుల దగ్గర "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అన్నవారిని చంపారు. ఆనాడు 42 వేలమంది ఎఫ్రాయిమీయులు కూలారని వ్రాయబడి ఉంది. మన ఇండ్లలోనూ "శ", "ష", "స" కలిసిపోతూనే ఉంటాయి. మనం ప్రాణాలు తీయము గాని, ఒక్క వెకిలినవ్వుతో ఎదుటివారి చేతిలోని పలకను కింద పెట్టించగలము.

అలా పెట్టించి ఉంటే ఎంత నష్టపోయేవారమో నెల్లూరు జిల్లా దూబగుంట చెబుతుంది. 1990ల ఆరంభంలో అక్కడి స్త్రీలు రాత్రిబడిలో అక్షరాలు దిద్దారు. సారా వల్ల చెడిన కాపురాల గూర్చిన పాఠం చదివి, అది తమ కథేనని గ్రహించారు. 1992లో ఊళ్ళోని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. వారి పలకల మీద ఒత్తులు ఎన్ని తప్పాయో ఎవరూ లెక్కపెట్టలేదు. చదివినదాన్ని మాత్రం వారు సరిగ్గా అర్థం చేసుకున్నారు.

కనుక మీ ఇంట అమ్మమ్మ అట్ట మీది పేరు కూడబలుక్కొని చదువుతుంటే, పనిచేసే అక్క వేలిముద్ర మాని వంకర సంతకం పెడితే, నవ్వు వస్తే రానివ్వండి. కాని ముందు వారు నవ్వాలి, తరువాత మనం. ఆ పైన పక్కన కూర్చొని, తప్పిన ఒత్తును మెల్లగా దిద్దించండి.