గంధకానికీ హోర్ముజే దారి

హోర్ముజ్ అనగానే అందరికీ చమురు ట్యాంకర్లే గుర్తొస్తాయి. నాకు మాత్రం గంధకం ఓడలు కూడా గుర్తొస్తాయి. మన రిఫైనరీలు ముడిచమురు శుద్ధిలో తీసే గంధకం దేశ అవసరాలకు చాలదు. బీఎస్-6 ఇంధనంలో గంధకం 10 పీపీఎం దాటరాదన్న నిబంధన 2020 ఏప్రిల్‌లో దేశమంతటా వచ్చినా లోటు పూడలేదు. దిగుమతుల్లో ఎక్కువ భాగం గల్ఫ్‌దే.

గంధకం నుంచి తీసే సల్ఫ్యూరిక్ ఆమ్లం లేకుండా టీఎన్‌టీ తయారీ సాగదు. కల్వరి తరగతి జలాంతర్గాముల బ్యాటరీల్లో ఉండేది ఈ ఆమ్లమే. జాదుగూడలో ఖనిజం నుంచి యురేనియాన్ని కరిగించి తీసేదీ దీనితోనే. (మన తుమ్మలపల్లెలో వాడేది క్షార పద్ధతి, ఆ కథ వేరు.)

అయినా సైన్యం వాటా కొంచెమే. అసలు గిరాకీ ఎరువులది. డీఏపీకి కావలసిన ఫాస్ఫారిక్ ఆమ్లం చేయాలంటే రాక్ ఫాస్ఫేట్‌పై సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయాల్సిందే. జలసంధిలో ఓడలు ఆగితే ఆయుధ కర్మాగారాల కన్నా ముందు విశాఖ, పారాదీప్ ఎరువుల ప్లాంట్లకు సెగ తగులుతుంది. అది ఖరీఫ్ ముందు జరిగితే రైతు తెల్లవారుజామునే క్యూ కట్టాలి.

ముడిచమురుకు విశాఖ, మంగళూరు, పాదూరుల్లో భూగర్భ నిల్వలు కట్టుకున్నాం. గంధకానికి అంత ఖర్చు అక్కర్లేదు. నిప్పు, తేమ తగలకుండా చూసుకుంటే రాశులుగా పోసినా ఏళ్ల తరబడి చెడదు. కనీసం ఒక పంటకాలానికి సరిపడా నిల్వ ఉండాలంటాను.