సైకిలు తొక్కితే తెలుగు వస్తుందా?

"సైకిలు తొక్కితే తెలుగు వస్తుందా మాస్టారూ?"

తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను జయపురం నుంచి అరకు దాకా మూడు రోజులు సైకిళ్ళ మీద తీసుకెళ్తామని మేం అప్పుడే చెప్పాం. ఆయన తన కొడుకును వచ్చే ఏడు ఇంగ్లీషు మీడియంలో వేద్దామనుకుంటున్నారని మాకు తెలుసు. సూటిగా జవాబివ్వలేకపోయాం. రోజూ రాత్రి ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక పేజీ తెలుగులో రాయాలని, అదే యాత్రకు షరతని మాత్రం అన్నాం.

డిసెంబరులో బయల్దేరాం. పద్నాలుగు మంది పిల్లలు, ముగ్గురు టీచర్లం, వెనక సామాను మోసే చిన్న వ్యాను. గేర్లున్న సైకిళ్ళు రెండే. మిగతావన్నీ పిల్లలు రోజూ బడికి తొక్కుకొచ్చేవే. జయపురం దాటాక కోరాపుట్ ఘాట్ మొదలైంది. ఇరవై కిలోమీటర్లు చిల్లర దూరమే అయినా సగం నడిచి తోసుకుంటూనే ఎక్కాం. లారీ వచ్చినప్పుడల్లా అందరం అంచుకు జరిగి ఆగాం. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ చేరేసరికి చలిలోనూ చొక్కాలు తడిసిపోయాయి.

ఆ రాత్రి సెమిలిగుడలో తెలిసినవారి వసారాలో పడుకున్నాం. పేజీలు చూస్తే మాకు నీరసం వచ్చింది. "కొండ ఎక్కాం. అన్నం తిన్నాం. కాళ్ళు నొప్పి." ఇంచుమించు అందరిదీ అంతే. పాఠం అప్పజెప్పే తెలుగు ఉంది గానీ, చూసింది చెప్పే తెలుగు వాళ్ళ దగ్గర లేదు. అది పిల్లల తప్పు కాదు, మేం ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నందపూర్ దారి. దేవమాలి చూపిద్దామనుకున్నాం. 1,672 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలోకెల్లా ఎత్తైనది. మబ్బు కమ్మి కనిపించలేదు. కానీ రోడ్డు పక్క మెట్టలన్నీ పసుపు ఆరబోసినట్టున్నాయి. ఒకమ్మాయి పుస్తకం తీసి అక్కడే "అలసి పూలు" అని రాసుకుంది. మన వాళ్ళు వలిసెలంటారని చెబితే రెండో మాట పక్కన రాసింది, మొదటిది కొట్టెయ్యలేదు. మేమూ కొట్టెయ్యమనలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. ఇక్కడ రెండు మాటలూ పక్కపక్కనే పెరిగాయి.

నందపూర్‌కు ముందు ఒక దిగుడులో ఆ తండ్రి కొడుకు పడిపోయాడు. బ్రేకు వదలకుండా పట్టుకునే దిగాడు. అసలే అరిగిన రబ్బర్లు, మలుపు దగ్గర పట్టు తప్పాయి. కాలువ గట్టుకు కొట్టుకుని మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి. ఎముకలు విరగలేదు. అంతకు ముందురోజు టైర్లలో గాలి చూశాం, బ్రేకు రబ్బర్లు చూడలేదు. తప్పు పూర్తిగా మాదే. పొలంలోంచి ఒక ముసలావిడ పరుగున వచ్చి నీళ్ళు పోసి గాయం కడిగింది. ఆమె దేశియాలో అడుగుతోంది, వాడు ఏడుస్తూనే జవాబిస్తున్నాడు, మాకేమో తెలుగులో చెబుతున్నాడు. దుబాసీ వాడే. నందపూర్‌లో కట్టు కట్టించి, తండ్రికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాం. తీసుకెళ్తానంటారనుకున్నాం. "వాణ్ణి అడగండి" అన్నారు. వాడు వ్యానులో కూర్చుని వస్తానన్నాడు.

జయపురం రాజ్యానికి ఒకప్పటి రాజధాని నందపూర్. అక్కడి ముప్పై రెండు మెట్ల సింహాసనాన్ని పిల్లలు చూశారు గానీ ఎవరి మనసూ అక్కడ లేదు. ఆ పూటే అన్ని సైకిళ్ళకూ రబ్బర్లు మార్పించాం. దిగుడులో బ్రేకు పట్టి వదలాలని, వెనక బ్రేకు ముందు పట్టాలని, సైకిలుకూ సైకిలుకూ పది బారల ఎడం ఉండాలని నేర్పాం. జయపురంలో నేర్పాల్సిన పాఠం అది.

ఆ రాత్రి పాడువాలో వాడు మూడు పేజీలు రాశాడు. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి సరిపోయింది. ముసలావిడ కాళ్ళ కడియాలు, నీళ్ళు పోసినప్పటి మంట, ఖాళీ సైకిలు చక్రం ఇంకా తిరుగుతూ ఉండటం, అన్నీ ఉన్నాయి. అక్షరదోషాలూ బోలెడు.

మూడో రోజు సరిహద్దు దాటాక అరకు వైపు బోర్డులు తెలుగులోకి మారాయి. బడి గోడ బయట ఇన్ని తెలుగు అక్షరాలను చాలామంది మొదటిసారి చూశారు. ఎరువుల కొట్టు బోర్డుతో సహా ఒక్కటీ వదలకుండా చదివారు, కొందరు కూడబలుక్కుంటూ.

వ్యాన్లలో తిరిగొచ్చాం. ఆ తండ్రి ఒడియా మీడియంలో చదివినవారు, తెలుగు చదవలేరు. కొడుకు తన మూడు పేజీలూ చదివి వినిపించాడు. పడిపోయిన చోటు రాగానే ఆయన ఆపి, "మళ్ళీ చదువు" అన్నారు. విని కాసేపు ఊరుకున్నారు.

తర్వాత మా వైపు తిరిగి, "బయల్దేరేముందు బ్రేకులు ఎవరు చూశారు?" అని అడిగారు.

ఎవరూ చూడలేదని చెప్పాం. ఇంగ్లీషు మీడియం మాట ఆయన ఇంకా తేల్చలేదు. ఈ ఏడు డిసెంబరు యాత్రకు మాత్రం సైకిళ్ళు ముందురోజే తన షెడ్డుకు పంపమన్నారు.