గెలుపు కోసం ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు?

నిడుగల్లు హోబళి ఆటల పోటీలు దగ్గర పడేకొద్దీ మన పిల్లల నోట ఒకటే మాట: "ఈసారి కప్పు మనదే!" మంచిదే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, త్రోబాల్, పరుగు పందెం... ఏ ఆటైనా గెలవాలనే ఆడాలి. అయితే బలంతోనూ వేగంతోనూ తేలని ప్రశ్నలు కొన్ని ఆటలో ఎదురవుతాయి.

"ఫైనల్ ఆదివారం పొద్దున పెట్టారు. మా ఇంట్లో ఆ పూట చర్చికి పోవాలి. ఏం చేసేది?"

"బంతి నా వేలికి తగిలింది. రెఫరీ చూడలేదు. నేనే చెప్పాలా?"

"వయసు ఒక ఏడాది తగ్గించి రాయిస్తే చిన్నవాళ్ళ జట్టులో ఆడొచ్చంట. అందులో తప్పేముంది?"

ఇవి చిన్న ప్రశ్నలు కావు. వీటి గురించి ఆలోచించడానికి నూరేళ్ళ కిందటి ఒక పరుగు వీరుడి కథ చాలా పనికొస్తుంది. ఆయన పేరు ఎరిక్ లిడ్డెల్.

ఆదివారం పరుగెత్తనన్నాడు

లిడ్డెల్ 1902లో చైనాలోని తియాన్‌జిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు స్కాట్లండు నుంచి వెళ్ళిన క్రైస్తవ మిషనరీలు. చదువు బ్రిటన్‌లో సాగింది. 100 మీటర్ల పరుగులో ఆ దేశంలోనే మేటి అనిపించుకున్నాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం తెస్తాడని అందరూ ఆశపడ్డారు. అదే పారిస్‌కు మన దేశం నుంచి కూడా ఒక జట్టు వెళ్ళింది. ఆ జట్టు వెంట వెళ్ళిన హ్యారీ బక్, 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను మొదలుపెట్టిన ఆయన. మన దక్షిణాదిలో ఎందరో పి.ఇ. సార్లు అక్కడ తయారైనవాళ్ళే. వై.ఎం.సి.ఎ. అంటే క్రైస్తవ యువకుల సంఘం. మనం ఆడే వాలీబాల్ కూడా 1895లో అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఎ.లోనే పుట్టింది. అంటే ఆటకూ ఆ మతానికీ సంబంధం పాతదే.

100 మీటర్ల తొలి పరుగులు జూలై 6, ఆదివారం నాడు పడ్డాయి. "ఆదివారం నేను పరుగెత్తను" అన్నాడు లిడ్డెల్.

ఎందుకు? బైబిల్‌లోని పది ఆజ్ఞలలో విశ్రాంతి దినాన్ని పవిత్రంగా ఉంచుకోమనే ఆజ్ఞ ఒకటుంది. యూదులకు ఆ రోజు శనివారం. యేసు తిరిగి లేచిన రోజు ఆదివారం కాబట్టి క్రైస్తవులు ఆదివారాన్ని ఆరాధనకు కేటాయించారు. లిడ్డెల్ పెరిగిన స్కాట్లండు సంప్రదాయంలో దీన్ని మరీ గట్టిగా పాటించేవారు. ఆ రోజు పని లేదు, వ్యాపారం లేదు, ఆటా లేదు. క్రైస్తవులందరూ ఇలాగే పాటిస్తారని అనుకోకండి. ఆదివారం మ్యాచ్ ఆడే క్రైస్తవ ఆటగాళ్ళు ఈరోజు ఎంతోమంది ఉన్నారు. లిడ్డెల్ మనస్సాక్షికి మాత్రం అది కుదరలేదు.

సినిమాలో ఒకటి, జరిగింది ఒకటి

ఈ కథ మీద 1981లో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అనే సినిమా వచ్చింది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా గెలిచింది. అందులో లిడ్డెల్ పారిస్‌కు ఓడ ఎక్కే వేళకు, తన పరుగు ఆదివారం పడిందని తెలిసి బిత్తరపోతాడు. చూడడానికి బాగానే ఉంటుంది కానీ నిజం అది కాదు.

పోటీల పట్టిక నెలల ముందే వచ్చింది. లిడ్డెల్ కూడా తన నిర్ణయం అప్పుడే చెప్పేశాడు. దేశం కన్నా తన పట్టుదలే ఎక్కువా అని విమర్శలు వచ్చాయి. ఆయన ఎవరితోనూ గొడవ పడలేదు. ఆదివారం లేని 200, 400 మీటర్ల పరుగుల కోసం నెలల తరబడి సాధన చేశాడు. రిలే పరుగులు రెండూ ఆదివారంతో ముడిపడి ఉండడంతో వాటినీ వదులుకున్నాడు. ముందే చెప్పాడు కాబట్టి ఆ జట్లలోకి వేరేవాళ్ళు సిద్ధమయ్యారు. బ్రిటన్‌కు ఒక రిలేలో వెండి, ఇంకోదాంట్లో కంచు వచ్చాయి కూడా.

100 మీటర్ల బంగారు పతకం ఆయన జట్టువాడే అయిన హెరాల్డ్ అబ్రహామ్స్‌కు దక్కింది. లిడ్డెల్‌కు 200 మీటర్లలో కంచు వచ్చింది. జూలై 11న 400 మీటర్ల ఫైనల్‌ను 47.6 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "దేవుడి మాట విన్నాడు కాబట్టి పతకం వచ్చింది" అని ఈ కథను చెప్పేస్తుంటారు. అలా చెబితే అసలు సంగతి చెయ్యి జారిపోతుంది. 400 మీటర్లలో ఓడిపోయే అవకాశం ఆయనకు బాగానే ఉంది. ఓడినా ఆ నిర్ణయం విలువ తగ్గేది కాదు. పతకం వస్తుందో రాదో తెలియకుండానే వెల చెల్లించాడు. గొప్పతనం అందులో ఉంది.

అదే మనిషి, ఇంకో ఆదివారం

మరుసటి ఏడాదే లిడ్డెల్ పరుగులు పక్కన పెట్టి చైనాకు మిషనరీగా వెళ్ళిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం విదేశీయులను వెయ్‌షియన్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1943 నుంచి ఆయన అందులోనే ఉన్నాడు. అమ్మానాన్నలకు దూరంగా చిక్కుకున్న పిల్లలు అక్కడ చాలామంది. వాళ్ళకు సైన్సు చెప్పాడు, ఆటలు ఆడించాడు. పిల్లలు ఆయన్ను 'అంకుల్ ఎరిక్' అని పిలిచేవారు.

ఆదివారం మాత్రం ఆటలు వద్దనేవాడు. ఒక ఆదివారం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే హాకీ ఆడారు. రెఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటయింది. తర్వాతి ఆదివారం ఎవరూ అనుకోనిది జరిగింది. లిడ్డెలే వచ్చి రెఫరీగా నిలబడ్డాడు.

ఒలింపిక్ పతకం కోసం విడవని నియమాన్ని పిల్లలు కొట్టుకోకూడదని విడిచాడు! మాట తప్పినట్టా? కాదు. తన లాభం కోసం నియమాన్ని సడలించుకోలేదు, ఇతరుల మేలు కోసం సడలించాడు. ఈ తేడా పట్టుకుంటే మన ప్రశ్నలకు దారి దొరుకుతుంది. 1945 ఫిబ్రవరి 21న, విడుదల కాకముందే, మెదడులో కణితితో ఆయన ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. వయసు 43.

వెల ఎవరు కడుతున్నారు?

ఏ నిర్ణయం ముందు నిలబడినా ఈ ప్రశ్న వేసుకోండి: నేను చేసేదానికి వెల ఎవరు కడుతున్నారు? నేనా, పక్కవాడా?

వయసు సంగతి చూద్దాం. ఒక ఏడాది తగ్గించి రాయించుకుంటే మీకు జట్టులో చోటు వస్తుంది. నిజంగా ఆ వయసున్న పిల్లాడొకడు ఇంటికి పోతాడు. వాడి పేరు కూడా మీకు తెలియకపోవచ్చు, కానీ వెల కట్టేది వాడే. మన దేశంలో ఇది ఎంత ముదిరిందంటే, చిన్న వయసు క్రికెటర్లకు బి.సి.సి.ఐ. ఎముకల ఎక్స్‌రే తీసి వయసు సరిచూసే పరీక్ష పెట్టాల్సి వచ్చింది. తల్లిదండ్రులూ, ఈ ఒక్క విషయంలో పిల్లల కన్నా ముందు మనమే గట్టిగా ఉండాలి. కాగితం మీద సంతకం పెట్టేది మనమే కదా.

బంతి తగిలిన సంగతి. చెప్పకపోతే ఆ పాయింటు వెల ఎదుటి జట్టు కడుతుంది. చెబితే మీ జట్టు కడుతుంది. కానీ ఆ పాయింటు ముందు నుంచీ మీది కాదు, మీరు పోగొట్టుకున్నదీ లేదు. వాలీబాల్ నేషన్స్ లీగ్‌లో, బంతి తగిలిందని తానే ఒప్పుకున్న ఆటగాడికి పచ్చ కార్డు చూపే పద్ధతి కూడా తెచ్చారు. అది శిక్ష కాదు, మెప్పు.

ఇంకొంచెం కష్టమైన లెక్క ఒకటి. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో స్వర్ణోత్సవ టెస్టు. మన కెప్టెన్ భద్రావతిలో పుట్టిన జి.ఆర్. విశ్వనాథ్. బాబ్ టేలర్ అవుటని అంపైర్ వేలెత్తాడు. బంతి బ్యాటుకు తగల్లేదని తెలిసి విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం 10 వికెట్ల తేడాతో ఓడాం. కెప్టెన్ మనస్సాక్షికి జట్టంతా వెల కట్టింది. అది సరైనదేనా? ఇంట్లో, తరగతిలో వాదించుకోండి. ఇవాళ్టికీ ఆ మ్యాచ్ అనగానే ముందు గుర్తొచ్చేవాటిలో ఆ పిలుపు ఒకటి అన్నది మాత్రం మరవకండి.

మరి ఆదివారం ఫైనల్? దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. లిడ్డెల్ నుంచి మూడు పనులు నేర్చుకోవచ్చు. ఒకటి, ముందే చెప్పండి. మ్యాచ్ పొద్దున కాదు, జట్టును ఎంచేటప్పుడే పి.ఇ. సార్‌కు చెబితే వేరే పిల్లాడు సిద్ధమవుతాడు, లేదా వేళ మార్చమని అడగొచ్చు. రెండు, మీ నియమం మీ కోసం. దాన్ని పక్కవాళ్ళ మీద రుద్దకండి. మూడు, వెల కట్టాక ఆ సంగతి చెప్పుకుంటూ తిరగకండి.

ఇది ఒక్క క్రైస్తవులకు సంబంధించిన మాట కాదు. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లాడు, అయ్యప్ప మాల వేసుకుని చెప్పుల్లేకుండా వచ్చే పిల్లాడు, శనివారం ఒక్కపొద్దు ఉండే పిల్ల, అందరూ మన జట్లలో ఉంటారు. వాళ్ళను ఎగతాళి చేయకుండా వాళ్ళకు కుదిరేలా సర్దుకోవడం కూడా ఆటలో భాగమే. ఏ దేవుణ్ణీ మొక్కని పిల్లాడు "నేను అబద్ధం ఆడను" అంటే ఆ మాటకూ అంతే విలువ ఇవ్వాలి.

పోటీలకు పేర్లు ఇచ్చేటప్పుడు పుట్టిన తేదీ సరిగ్గా రాయండి. ఏ రోజైనా, ఏ వేళైనా మీకు ఇబ్బంది ఉంటే అప్పుడే చెప్పండి. ఆ తర్వాత మైదానంలోకి దిగి, ఒళ్ళు దాచుకోకుండా ఆడండి.