వాడని టికెట్... ఒక రోగికి దారి ఖర్చు

ప్రయాణం రద్దయిందా? ఆ టికెట్‌లో మిగిలిన డబ్బును వదిలేయకండి. దానితో ఎవరికో ఒకరికి చికిత్స మధ్యలో ఆగకుండా చూడవచ్చు.

ఢిల్లీలో పెళ్లికి నాలుగు విమాన టికెట్లు తీసి పెట్టుకున్నారు. తీరా బయల్దేరే ముందు ఇంట్లో పెద్దాయన జారిపడి తుంటి ఎముక విరిగింది. ప్రయాణం ఆగిపోయింది. ‘ఎలాగూ మనం వెళ్లట్లేదు, అవసరం ఉన్న రోగికి ఎవరికైనా ఈ టికెట్లు ఇచ్చేయొచ్చా?’ అని చాలామంది అడుగుతుంటారు. మంచి ఆలోచనే. కానీ అది అలాగే జరిగే పని కాదు. కొంచెం దారి మార్చితే మాత్రం జరుగుతుంది.

టికెట్టే ఇచ్చేయొచ్చా?

విమాన టికెట్ ఎవరి పేరు మీద ఉంటే వారే ఎక్కాలి. పేరులో అక్షరం తప్పు పోతే సరిచేస్తారు గానీ, మనిషినే మార్చడానికి మన దేశంలో ఎయిర్‌లైన్స్ సాధారణంగా ఒప్పుకోవు. రైలు టికెట్‌కు కొంత వెసులుబాటు ఉంది. కన్ఫర్మ్ అయిన టికెట్‌ను రైలు బయల్దేరడానికి 24 గంటల ముందు అర్జీ పెట్టుకుని అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య, భర్త, పిల్లల్లో ఒకరి పేరుకు మార్చుకోవచ్చు. పక్కింటి రోగికి మాత్రం ఇవ్వలేం. అంటే దానం చేయాల్సింది టికెట్‌ను కాదు, అందులో మిగిలిన డబ్బును.

‘నాన్ రిఫండబుల్’ అన్నా కొంత వస్తుంది

చౌక టికెట్ కాబట్టి ఒక్క రూపాయి కూడా రాదనుకుని చాలామంది వదిలేస్తారు. అది సరికాదు. 2016 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం టికెట్ రద్దు చేసినా, అసలు ప్రయాణానికే వెళ్లకపోయినా పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ప్యాసింజర్ సర్వీస్ ఫీజు తిరిగి ఇవ్వాలి. ఆఫర్‌లో కొన్న టికెట్లకూ ఇది వర్తిస్తుంది. రద్దు చార్జీ మూల చార్జీ, ఇంధన సర్‌చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. విదేశీ ఎయిర్‌లైన్స్‌కు మాత్రం వారి దేశ నిబంధనలే వర్తిస్తాయి.

అనారోగ్యం వల్ల ప్రయాణం ఆగితే ఎయిర్‌లైన్‌కు ఆ సంగతి చెప్పి, ఆసుపత్రి కాగితాలు జతచేసి అడగండి. అయితే చార్జీ వెనక్కి రావాలని జబ్బు లేకుండానే సర్టిఫికెట్ రాసిమ్మని డాక్టర్‌ను ఇబ్బంది పెట్టొద్దు.

చార్జీలూ చికిత్సలో భాగమే

వైద్యం ఉచితంగా అందినంత మాత్రాన ఆసుపత్రికి వచ్చిపోయే దారి ఉచితం కాదు. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్‌నే తీసుకోండి. ఇక్కడి నుంచి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి దగ్గరే. కానీ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, పంజాగుట్టలోని నిమ్స్‌కో వెళ్లాలంటే సుమారు వంద కిలోమీటర్లు. ఆటో, బస్సు, మళ్లీ ఆటో. తోడుగా ఒకరు. ఇద్దరికీ ఆ రోజు కూలి పోయినట్టే.

కిడ్నీ రోగికి వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు. రానూపోనూ 312 ప్రయాణాలు. తోడు వచ్చేవారితో కలిపితే 624. చార్జీల్లేక ఒక్కసారి మానేసినా ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. 

క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు ఇస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. తల, మెడ క్యాన్సర్లలోనూ చికిత్స సాగదీసిన కొద్దీ, రోజుకు సుమారు ఒక శాతం చొప్పున గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఇది ఏళ్ల తరబడి సాగే ప్రయాణం.

‘బాగానే అనిపిస్తోంది, అందుకే రాలేదు’ అని రోగి చెప్పే మాట వెనుక చాలాసార్లు ఉండేది చార్జీల సమస్యే. అడిగితే తప్ప చెప్పరు.

ముందు ఈ రాయితీలు వాడుకోవాలి

మీకు తెలిసిన రోగికి సాయం చేసే ముందు ఈ సదుపాయాల గురించి చెప్పండి.

• రైల్వేలో క్యాన్సర్ రోగికి చికిత్స కోసం వెళ్లేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మినహాయింపు. తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ.

• డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడికి, గుండె ఆపరేషన్‌కు వెళ్లే రోగులకూ, తలసీమియా రోగులకూ, తోడుగా వచ్చే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఆగినా రోగుల రాయితీలు కొనసాగుతున్నాయి. నిర్ణీత ఫారంలో ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపాలి.

• నల్లగొండ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గం బీబీనగర్ మీదుగానే వెళ్తుంది. అక్కడి ఎయిమ్స్‌లో చూపించుకునేవారికి ఇది అనుకూలం.

• 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలోని పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. స్థానికత తెలిపే గుర్తింపు కార్డు ఉండాలి.

• ఆరోగ్యశ్రీ కింద చేరినవారు డిశ్చార్జి రోజున తిరుగు చార్జీల సంగతి ఆరోగ్యమిత్రను అడగాలి.

ఇవన్నీ వాడుకున్నాక మిగిలేవి మగ రోగి బస్సు చార్జీ, బస్టాండ్ నుంచి ఆసుపత్రికి ఆటో, మధ్యాహ్నం భోజనం. మీ రిఫండ్ డబ్బు సరిగ్గా అక్కడ పనికొస్తుంది.

డబ్బు ఎలా ఇవ్వాలి?

తెలిసిన రోగి ఉంటే నేరుగా ఇవ్వడమే మేలు. ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా, చికిత్స తేదీలు రాసుకుని ఒక్కో విడతకు ముందు చార్జీలు పంపండి. అలా చేస్తే తేదీని గుర్తు చేసినట్టూ అవుతుంది. అప్పు ఇచ్చినట్టు కాకుండా, వారి మర్యాద తగ్గకుండా ఇవ్వడం ముఖ్యం.

తెలిసినవారు లేకపోతే నమోదైన సంస్థలున్నాయి. 1998లో హైదరాబాద్‌లో మొదలైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పిల్లలకు రక్తం ఎక్కించే కేంద్రం నడుపుతోంది. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ క్యాన్సర్ పిల్లలకు, తల్లిదండ్రులకు చికిత్స పూర్తయ్యేదాకా ఉచిత వసతి ఇస్తుంది. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. ఏ సంస్థకు ఇచ్చినా దాని అధికారిక ఖాతాకే పంపి రశీదు తీసుకోండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు, క్యూఆర్ కోడ్‌లు చూసి డబ్బు పంపొద్దు. ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకోండి.

అమెరికాలో పిల్లలున్నారా?

అక్కడ టికెట్ కన్నా మైళ్లను దానం చేయడం ఎక్కువ. తరచూ విమానాల్లో తిరిగేవారి ఖాతాలో చేరే మైళ్లలో చాలా వరకు వాడకుండానే ఉండిపోతాయి. మేక్ ఎ విష్ సంస్థ వాటితో తీవ్ర జబ్బున్న పిల్లలను, వారి కుటుంబాలను కోరుకున్న చోటికి తీసుకెళ్తుంది. ఫిషర్ హౌస్ ఫౌండేషన్ ‘హీరో మైల్స్’ పేరిట, చికిత్స పొందుతున్న సైనికుల దగ్గరకు వారి కుటుంబ సభ్యులను చేరుస్తుంది. మీ అబ్బాయి, అమ్మాయి ఖాతాలో మైళ్లు మురిగిపోతుంటే ఈసారి ఫోన్‌లో ఈ మాట చెప్పండి.

ఈ వారం ఒక పని

ఫోన్‌లో పాత బుకింగ్‌లు తెరిచి, వెళ్లని ప్రయాణాలు ఏమున్నాయో చూడండి. పీఎన్‌ఆర్ నంబర్‌తో ఎయిర్‌లైన్‌కు లేదా టికెట్ కొన్న ఏజెన్సీకి మెయిల్ పెట్టి పన్నుల రిఫండ్ అడగండి. నాలుగు టికెట్ల మీద వచ్చేది మీకు చిన్న మొత్తంగానే కనిపించవచ్చు. డయాలసిస్ రోగికి అది కొన్ని వారాల చార్జీ.