మెదడులోని గడియారాన్ని దిద్దే రసాయనాలు

హైదరాబాదు నుండి అమెరికాకు వచ్చిన తల్లిదండ్రులు మొదటి వారమంతా రాత్రి రెండు గంటలకే లేచి కూర్చోవడం, మధ్యాహ్నం భోజనం కాగానే కునికిపాట్లు పడడం మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. దీనిని ప్రయాణపు బడలికగా భావించరాదు. బడలిక ఒక రాత్రి నిద్రతో తీరుతుంది. ఇది తీరదు. వారి మెదడులోని గడియారం ఇంకా భారత కాలమానాన్నే అనుసరిస్తూ, దినానికి సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది.

ఈ గడియారం హైపోథలామస్‌లో, రెండు కళ్ళ నాడులు ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన ఉన్నది. ఇందులో దాదాపు 20,000 నాడీకణాలున్నాయి. ప్రతి కణంలోను కొన్ని జన్యువులు ప్రోటీనులను తయారు చేయిస్తాయి; పోగుపడిన ప్రోటీనులు తమ జన్యువులనే అణచివేస్తాయి; అవి విచ్ఛిన్నమైన పిమ్మట కథ మళ్ళీ మొదలవుతుంది. ఈ యంత్రాంగాన్ని విప్పిచెప్పినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే 1999లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కొలిచినప్పుడు మానవులలో ఈ చక్రం సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. అనగా, ఎవరో ప్రతిదినమూ ముల్లు సరిచేయకపోతే మనం క్రమంగా వెనుకబడిపోతాము.

ముల్లు తిప్పేది వెలుగు. కాని వెలుగు మెదడులోనికి వెళ్ళదు. రసాయనాన్ని దూతగా పంపుతుంది. నేత్రపటలంలో మెలనాప్సిన్ అనే వర్ణకం గల ప్రత్యేక కణాలున్నాయని 2002లో రూఢి అయింది. వెలుగు సోకగానే వాటి నాడీతంతువులు గడియారం చెంత గ్లూటమేట్‌ను విడుదల చేస్తాయి. అజినొమోటోగా మనం వంటలో చల్లే ఉప్పు దీని సోడియం లవణమే! అది నాడీకణంలోనికి కాల్షియంను రప్పిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. మోటారు వాహనాల పొగలో కనిపించే ఈ వాయువుకు మెదడులో ఇంతటి పని ఉన్నదని 1994లో ఇల్లినాయ్ పరిశోధకులు ఎలుకలలో చూపినప్పుడు, రసాయనశాస్త్రం చదివిన నా బోటివారికి కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. విశేషమేమంటే, ఇదే గ్లూటమేట్ రాత్రి తొలిభాగంలో గడియారాన్ని వెనక్కు, తెల్లవారుజామున ముందుకు జరుపుతుంది. దూత ఒక్కడే, అర్థం మాత్రం వేళను బట్టి మారుతుంది.

చీకటికీ ఒక దూత ఉన్నది. 1958లో యేల్ విశ్వవిద్యాలయపు ఆరన్ లెర్నర్ పశువుల పీనియల్ గ్రంథుల నుండి మెలటోనిన్‌ను వేరుచేశాడు. ఆయన చర్మవ్యాధుల వైద్యుడు. వెతికినది చర్మపు రంగును మార్చే పదార్థం! సెరొటోనిన్ నుండి రెండు మెట్లలో తయారయ్యే ఈ మెలటోనిన్ చీకటి పడిన పిదప రక్తంలో పెరుగుతుంది. తీవ్రమైన కాంతి మానవులలోనూ దీనిని అణచివేస్తుందని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం నిరూపించింది.

చూపు పూర్తిగా పోయినవారిలో అనేకులకు ఈ వెలుగు కబురు అందదు. వారి నిద్రవేళ రోజురోజుకూ జరిగిపోతూ కొన్ని వారాలు పగటిలోనికి, కొన్ని వారాలు రాత్రిలోనికి వస్తుంది. ఉద్యోగం చేసుకొనేవారికి అది దుర్భరమైన బాధ. 2000లో ప్రచురితమైన ఓరెగాన్ పరిశోధనలో అటువంటి ఏడుగురికి నిద్రవేళ ముందు 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇవ్వగా ఆరుగురి గడియారం 24 గంటలకు కుదిరింది. నా దృష్టిలో ఈ రసాయనం చేసిన మహోపకారమిదే.

మనలో పలువురు దీనిని నిద్రమాత్రగా వాడుతున్నారు. వాస్తవానికి అది నిద్రమాత్ర కన్నా కాలసూచిక. శరీరపు సాయంకాలంలో తీసుకొంటే గడియారం ముందుకు, శరీరపు ఉదయంలో తీసుకొంటే వెనక్కు జరుగుతుంది. ఇక్కడ లెక్క గోడ గడియారానిది కాదు, లోపలి గడియారానిది. అమెరికాలో ఇది వైద్యుని చీటీ లేకుండా ఆహారపూరకంగా దొరుకుతుంది. బ్రిటన్‌లో చీటీ కావాలి. 2017లో కెనడాలో 31 రకాల సీసాలను విశ్లేషించగా, చీటీపై వ్రాసిన మోతాదు కన్నా 83 శాతం తక్కువ మొదలు 478 శాతం ఎక్కువ వరకు మందు ఉన్నది. ఎనిమిదింటిలో సెరొటోనిన్ సైతం కనబడింది. మానసిక కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు వైద్యుని అడగక ఆ సీసా తెరవకూడదు.