కంప్యూటరు పెట్టెకు గాలిదారి



నేను హైదరాబాదు తూర్పు భాగమున, లాలాపేటలో కాపురముండు విశ్రాంత తెలుగు పండితుడను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును బోధించినవాడు కంప్యూటరు పెట్టెలోని ఫ్యానులను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా నుండవచ్చును. గత వేసవి వరకు నాకును అట్లే తోచెడిది. అవసరము నన్ను ఆ విద్యకు శిష్యుని చేసినది.

మా తండ్రిగారు పల్లెలో బడి నడపిన కాలమున, తాము చదివిన కావ్యములపై వ్రాసికొన్న టిప్పణములు మూడు నోటుపుస్తకములుగా నాకు సంక్రమించినవి. వాని సిరా వెలిసిపోవుచున్నది. నా కన్నులలో శుక్లములు ముదురుచున్నవి. ఈ రెండింటిలో ఏది ముందుగా చీకటి చేయునో తెలియదు గనుక, చూపున్నంతలో వానిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని సంకల్పించితిని. యంత్రము నా మనుమనిది. వాడు పైచదువునకు పోవుచు దానిని నాకు విడిచిపెట్టెను. మాది రెండు గదుల ఇల్లు. యంత్రముండు గదియందే నా భార్య పరుండును. ఆమెకు శస్త్రచికిత్స జరిగి అప్పటికి రెండు నెలలు. రాత్రి నిద్ర కరవై, మధ్యాహ్నమున కొంచెము కునుకు పట్టెడిది. సరిగా ఆ వేళకే పెట్టె హోరుమని మ్రోగుట మొదలిడెడిది.

“దీనికేమన్న దమ్మురోగమున్నదా?” అని ఆమె ఒకనాడు అడిగెను.

నేను చేసిన మొదటి పని తెలివితక్కువది. పెట్టెను బల్ల క్రింది చెక్క అరలో దూర్చి తలుపు మూసితిని. చప్పుడు తగ్గెను. రెండు దినములు ఇంట శాంతి నెలకొనెను. మూడవనాడు మధ్యాహ్నము రెండున్నర గంటలకు తెర నల్లబడి, యంత్రము తనంత తానే ఆగిపోయెను. ఆనాడు ఉదయము నుండి ఎక్కించిన పుటలను నేను భద్రపరచియుండలేదు. అన్నియు పోయినవి. అర తలుపు తీసి పెట్టెపై చేయి ఉంచగా, పొయ్యి మీదినుండి అప్పుడే దింపిన గిన్నెవలె చుఱ్ఱుమనెను.

ఇక్కడ ఒక మాట. మన జనులు ఈ పెట్టె మొత్తమును సీపీయూ అందురు. నిజమునకు సీపీయూ అనునది లోపల బోర్డుపై కూర్చుండు, పెద్ద తపాలా బిళ్లంత చిప్పు మాత్రమే. కుండను చూపి నీరనుట వంటిది ఈ వాడుక. పండితునకు నచ్చకున్నను లోకవ్యవహారమే నెగ్గును గాన వాదింపను. వేడి ముఖ్యముగా పుట్టుచోటు ఆ బిళ్లయేనని మాత్రము గుర్తుంచుకొనుడు.

యంత్రము ఎన్ని లెక్కలు చేసినను, ఎన్ని పుటలు చూపినను, అది త్రాగిన విద్యుత్తు తుదకు దాదాపుగా అంతయు వేడిగనే మారును. కార్యాలయపు పనులకు వాడు సాధారణ యంత్రము పనిలో నున్నప్పుడు 60 మొదలు 100 వాట్ల వరకు తీసికొనును. పూర్వము మన ఇండ్లలో వెలిగిన 100 వాట్ల తీగ బల్బును ఒక పెట్టెలో మూసి పెట్టినచో ఏమగునో ఊహింపుడు. పిల్లలు ఆటలకు వాడు పెద్ద యంత్రములు 300, 400 వాట్లు కూడ తీసికొనును. చిప్పు వేడి ఇంచుమించు 100 డిగ్రీల దాపునకు చేరినచో అది ముందు తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో, కాలిపోకుండ ఉండుటకై యంత్రము ఆరిపోవును. మా ఇంట జరిగినది ఇదియే. యంత్రము చెడలేదు, ప్రాణము కాచుకొన్నది.

పూర్వపు కంప్యూటర్లకు ఈ బాధ వేరువిధముగ తీరెడిది. మా లాలాపేటకు ఈశాన్యముగా, కుషాయిగూడ దాపున, భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు సంస్థయగు ఈ.సి.ఐ.ఎల్. గలదు. 1967లో స్థాపింపబడిన ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసెను. స్వదేశమున పుట్టిన తొలి కంప్యూటర్లలో అది యొకటి. ఆ తరమునాటి పెద్ద యంత్రములకై ప్రత్యేకముగా చల్లని గదులు ఏర్పరచెడివారు. నేటి యంత్రమో, మన పడకగదిలో, మన ఉక్కలో, మన దుమ్ములో కాపురమున్నది. గదిని చల్లబరచు వసతి లేనప్పుడు భారమంతయు పెట్టెలోని ఫ్యానులదే.

పెట్టెను అరలోనుండి బయటికి తీయగా హోరు మరల మొదలయ్యెను. ఇంకొక ఫ్యాను చేర్చినచో చల్లబడునని తలచి, అంగడిలో ఒకటి కొనితెచ్చి ముందువైపున బిగించితిని. వెనుకనున్న పాత ఫ్యానును కూడ విప్పి, దుమ్ము తుడిచి, మరల బిగించితిని. చప్పుడు హెచ్చెను, వేడి కొంచెమైనను తగ్గలేదు. తుదకు నాచారములో కంప్యూటర్లు బాగుచేయు ఒక యువకుని పిలిపించితిని. పూర్వము నా యొద్ద చదివినవాడు. అతడు ప్రక్కరేకు విప్పి చూచి, నవ్వు ఆపుకొని, “సార్, వెనుక ఫ్యాను ఉల్టా బిగించిన్రు. బయటికి పోవలసిన గాలిని లోపటికే నూకుతున్నది” అనెను. గుణసంధిని అడిగిన వృద్ధిసంధి సూత్రము చెప్పిన బాలుని నేను ఏ చూపు చూచెడివాడనో, ఆ చూపే అతడు నన్ను చూచెను.

ఆ దినము అతడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి మనవి చేయుదును. ఫ్యాను గాలిని చల్లబరచదు. గాలిని జరుపును, అంతియే. బయటి గాలి లోనికి వచ్చి, వేడిని ఎత్తుకొని, మరల బయటికి పోవలెను. గదిలో 38 డిగ్రీలున్న మే మాసపు మధ్యాహ్నమున ఎన్ని ఫ్యానులు పెట్టినను పెట్టె లోపల 38కి దిగువకు రాదు. అంతకు పైన ఎంత పెరుగుననునది లెక్కకు అందును. 100 వాట్ల వేడి పుట్టుచోట సెకనుకు 10 లీటర్ల గాలి సాగినచో, ఆ గాలి 8, 9 డిగ్రీలు వేడెక్కి వెలువడును. 5 లీటర్లే సాగినచో 17 డిగ్రీల వరకు వేడెక్కును. 20 లీటర్లు సాగినచో 4 డిగ్రీలు చాలును. ఈ లెక్కను ఒకింత ఆలోచింపుడు. 5 నుండి 10కి పోయినప్పటి లాభము పెద్దది. 10 నుండి 20కి పోయినప్పటి లాభము అందులో సగమే. గాలి తగినంత సాగుచున్న పిమ్మట, ఫ్యాను వెంట ఫ్యాను చేర్చుకొని పోయినచో పెరుగునది చప్పుడే.

మన పాత ఇండ్లలో వీధి తలుపునకు ఎదురుగా పెరటి తలుపు పెట్టెడివారు. రెండును తెరచినచో గాలి సూటిగా సాగును. పెరటి తలుపు మూసినచో, వీధిలో ఎంత గాలి వీచినను ఇంట ఉక్కయే. కంప్యూటరు పెట్టె తీరును అంతే. ముందువైపు దిగువ భాగమున ఒక ఫ్యాను గాలిని లోనికి తీసికొనవలెను. వెనుకవైపు ఎగువ భాగమున ఒకటి బయటికి త్రోయవలెను. నేను రెండు వాకిళ్లనుండియు గాలిని లోనికే తోలితిని. అది పోవుటకు సరియైన దారి లేక లోలోపలనే సుడి తిరిగినది. వేడిగాలి సహజముగా పైకి పోవునను మాట నిజమేగాని, ఇంత చిన్న పెట్టెలో ఆ బలము స్వల్పము. ఫ్యాను ఎటు త్రోసిన గాలి అటే పోవును. అయినను వెనుక ఎగువ భాగమునే ఎంచుకొనుట ఏలయనగా, చిప్పు సాధారణముగా ఆ దాపుననే యుండును.

ఫ్యాను ఎటు త్రోయునో తెలిసికొనుట సులభము. ఒక ప్రక్కన రెక్కలు ఏ అడ్డును లేక కనబడును. రెండవ ప్రక్కన నడిమి బిళ్లను పట్టియుంచు కమ్ములుండును. గాలి కమ్ములున్న ప్రక్కకు వెలువడును. కొన్నింటి అంచున బాణపు గుర్తు కూడ ఉండును. ఇది ముందే తెలిసినయెడల నాకు పరాభవము తప్పియుండెడిది. బిగించిన తరువాత సందేహము మిగిలినచో, అగరువత్తి వెలిగించి పెట్టె బయట, రంధ్రముల చెంత పట్టుకొనుడు. ముందువైపున పొగ లోనికి వంగవలెను, వెనుకవైపున చెదరి దూరముగ పోవలెను. నుసి లోపల పడనీయకుడు. లోపలి తీగలు ముందు ఫ్యానునకు అడ్డము పడియుండిన వానిని ఒక ప్రక్కకు కట్టవలెను. పెట్టె వెనుకకును గోడకును జానెడు ఎడము తప్పక ఉండవలెను. లేనిచో బయటికి వచ్చిన వేడిగాలియే చుట్టు తిరిగి మరల ముందునుండి ప్రవేశించును. చెక్క అరలో జరిగిన అనర్థము ఇదియే.

ఇక చప్పుడు. మా ఇంటి మట్టుకు అసలు తగవు దీనిదే. ఫ్యాను వేగమును రెట్టింపు చేసినచో గాలి రెట్టింపగును. కాని అది త్రాగు విద్యుత్తు ఎనిమిది రెట్లగును. చప్పుడు ఇంచుమించు 15 డెసిబెళ్లు హెచ్చును. 10 డెసిబెళ్లు హెచ్చినచో చెవికి రెట్టింపు చప్పుడువలె తోచునందురు. 15 అనగా దాదాపు మూడు రెట్లు. అట్లుగాక, అదే వేగముతో తిరుగు రెండవ ఫ్యానును చేర్చినచో హెచ్చునది 3 డెసిబెళ్లు మాత్రమే. కావున ఒక దానిని ఉరుకులు పెట్టించుటకంటె రెండింటిని నెమ్మదిగా నడిపించుట మేలు. ఫ్యాను పెద్దదైనచో ఇంకను మేలు. 80 మిల్లీమీటర్ల ఫ్యానుకంటె 120 మిల్లీమీటర్లది వైశాల్యమున రెండుంపావు రెట్లు. తాటియాకు విసనకఱ్ఱను మెల్లగా ఊపినవానికి వచ్చు గాలి, అట్టముక్కను గబగబ ఊపినవానికి రాదు గదా. నేను కొనితెచ్చినది 80 మిల్లీమీటర్లది. ముందువైపు రేకునకు 120 మిల్లీమీటర్ల చోటు ఖాళీగా ఉండినను నాకు తెలియలేదు. ఆ యువకుడు అచట పెద్దదానిని అమర్చి, వెనుకదానిని దిక్కు మార్చి బిగించెను.

ఒకే తీరున సాగు మ్రోత కొంతసేపటికి చెవికి అలవడును. లేచుచు పడుచు నుండు మ్రోతయే నిద్రను చెఱచును. నాలుగు తీగల ఫ్యాను వేగమును బోర్డు వేడిని బట్టి మార్చుచుండును. ఏ వేడికి ఏ వేగమో నిర్ణయించు పట్టిక, యంత్రము మొదలిడునప్పుడు తెరువదగు బయాస్ అను చోట గలదు. మా యంత్రమునకు 60 డిగ్రీల వరకు ఒకే మందగతి నుంచి, ఆపైన మెల్లమెల్లగా హెచ్చునట్లు అతడు అమర్చెను. అంతకుముందు అక్షరములు నాలుగు కొట్టగానే ఎగిరిపడి, చేయి తీయగానే చల్లారెడి చపలత్వము దానితో పోయినది. ఫ్యాను గరగరమని అరచుచున్నచో అది గాలి చప్పుడు కాదు, లోని ఇరుసు ఎండిన గుర్తు. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి నేను కొన్ని వారములు నెట్టుకొని వచ్చితిని. ఆపై క్రొత్తది కొనక తప్పలేదు. కొబ్బరినూనె మాత్రము వేయకుడు, అది జిగురై పట్టుకొనును.

దుమ్ము సంగతి చెప్పవలెను. చిప్పుపై అల్యూమినియము రెక్కల దిమ్మె ఒకటి యుండును. మా యంత్రపు రెక్కల నడుమనుండి పిడికెడు దుమ్ము, నొక్కిన దూదివలె వచ్చెను. ఆ కంబళి కప్పుకొని ఏ చిప్పు చల్లబడును? పల్లెలలో నూర్పిళ్ల కాలమున ఈ బాధ మరింత. దీనికి ఉపాయము, బయటికి త్రోయు గాలికంటె లోనికి వచ్చు గాలి కొంచెము ఎక్కువగా నుంచి, వచ్చుదారికి జాలి బిగించుట. అప్పుడు సందులనుండి గాలి బయటికే పోవును గాని, దుమ్ము లోనికి దూరదు. జాలిని నెలకొకసారి కడిగి ఆరబెట్టి పెట్టవలెను. మూడు నెలలకొకసారి ప్లగ్గు పెరికి, పెట్టెను వాకిట పెట్టి, మెత్తని బ్రష్షుతో లోపల తుడువవలెను. గాలి గొట్టముతో ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టియుంచుడు. లేనిచో అది మితిమీరి తిరిగి ఇరుసు చెడును, విద్యుత్తు పుట్టించి బోర్డునకు త్రోయుటయు కలదు.

కొందరు ప్రక్కరేకు ఊడదీసి బల్ల ఫ్యాను ఎదుట పెట్టుదురు. ఆపత్సమయమున ఒకపూటకు సరే. దినదినము చేసినచో దుమ్మునకు సింహద్వారము తెరచినట్లే. నీటి కూలరును సూటిగా పెట్టెవైపు త్రిప్పుట అంతకంటె చెడ్డది. తడి తుంపరలు బోర్డును తినివేయును.

మీ పంచాయతీ కార్యాలయమునను, మీ ఊరి పాఠశాలలోను ఇట్టి యంత్రములుండును. వేసవిలో అవి మాటిమాటికి ఆగిపోవుచున్నవని వినినచో, ఒకసారి పోయి చూడుడు. దుమ్ము పడకుండ కప్పిన గుడ్డ, యంత్రము నడుచునప్పుడు కూడ కప్పియే యుండును. పెట్టె గోడకు ఆనుకొనియో, బీరువాలో కాగితముల కట్టల నడుమనో యుండును. గుడ్డ తీసి, జానెడు ఇవతలకు జరిపి, వెనుక చేయి పెట్టి గాలి వెలువడుచున్నదో లేదో చూచుటకు ఏ చదువును అక్కఱలేదు.

మా యంత్రము ఇప్పుడు ఎండ మండు మధ్యాహ్నమునను 70 డిగ్రీలు దాటుట లేదు. తండ్రిగారి రెండవ పుస్తకము ముగిసి మూడవదానిలో నున్నాను. పుటపుటకు భద్రపరచుచున్నాను. నా భార్య మధ్యాహ్నమున నిద్రించుచున్నది. అయితే నిన్న ఆమె, గోడ గడియారము ఇంత గట్టిగా కొట్టుకొనునని ఇన్నాళ్లు తెలియలేదనియు, దానిని ముందుగదికి మార్చుమనియు చెప్పినది.